అంబాసిడర్ హెడ్‌లైట్లు: బల్బు కాదు, ముందు రిలే పెట్టించండి
అన్నా, 100/90 వాట్ల (హై/లో) బల్బులు వేసినా వెలుగు పసుపుగానే ఉంది, పైగా స్విచ్ కాలిపోతోంది అన్నారు కదా, అది బల్బు తప్పు కాదు. పాత వైరింగ్‌లో కరెంటంతా లైట్ స్విచ్, డిప్పర్ (హై-లో మార్చే స్విచ్) మీదుగా సన్నటి వైర్లలో తిరిగి వస్తుంది. ఇంజన్ ఆన్‌లో ఉంచి, లైట్లు వేసి, బ్యాటరీ దగ్గరా బల్బు హోల్డర్ దగ్గరా మల్టీమీటర్ పెట్టి చూడండి, వోల్టేజీ 10 శాతం పడితే వెలుగు దాదాపు 30 శాతం పోయినట్టే. మళ్లీ 60/55 వాట్ల హెచ్4 (హై, లో రెండూ ఒకే బల్బులో ఉండే రకం) బల్బులే వేసి, హై బీమ్‌కి ఒకటి, లో బీమ్‌కి ఒకటి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) పెట్టించండి. రిలే మీద పిన్నుల నంబర్లు ఉంటాయి: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజుతో లైను, 87 నుంచి బల్బుకి, స్విచ్ నుంచి వచ్చే పాత వైరు 86కి, 85 ఎర్త్‌కి (కారు బాడీకి). ఎర్త్ బిగించే చోట తుప్పు గీకించండి, సగం రోగం అక్కడే. ఎల్‌ఈడీ బల్బు మాత్రం ఆ రిఫ్లెక్టర్‌లో వద్దు, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది.