నవంబరు మంచు, టికెట్టు అక్కరలేని కొండలు: డెన్వరుకు కొత్తగా వచ్చినవారికి

స్కీ రిసార్టులో కొండ పైకి చేర్చే లిఫ్టుకు ఒక్కరోజు టికెట్టు రెండు వందల డాలర్లు దాటుతున్నప్పుడు, ఏ టికెట్టూ అక్కరలేని బెర్తూడ్ పాసుకో లవ్‌లాండ్ పాసుకో (రెండూ డెన్వరుకు పడమటి కొండ కనుమలు) నవంబరులోనే వెళ్లి స్కీయింగు చేయవచ్చా అని అడిగారు. కొత్తగా వచ్చిన మనవాళ్లకు ఈ ఆలోచన రావడం సహజమే. నాకూ వచ్చింది; మీలా ముందుగా ఒకరిని అడగాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

అప్పట్లో ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చి చూసుకునేవాణ్ణి. పాత స్కీలు కొని, బూట్లు అద్దెకు తెచ్చుకున్నాను కానీ, మంచు చరియ (అవలాంచ్) కింద కూరుకుపోయినవారిని రేడియో సంకేతంతో వెతికే బీకన్ ధర చూశాక అది ఇంటికి పంపే డబ్బులో ఎంత భాగమో లెక్కవేసి, ఇంకా మంచే సరిగా పడలేదు కదా, జనవరిలో కొనవచ్చులే అని ఊరుకున్నాను. ఆఫీసులో ఒకాయన వెంట బెర్తూడ్ పాసు దగ్గర ఉత్తరపు వాలు కిందికి చేరేసరికి, కాళ్ల కింద మంచు ధబ్బుమని కుంగి, స్కీల ముందు నుంచి పగులు పాకుతూ పోయింది. మేమున్నది దాదాపు చదును నేల కనుక చరియ జారలేదు. నా దగ్గర బీకనే కాదు, పార కూడా లేదని అప్పుడు తెలుసుకున్న ఆయన, నేను కూరుకుపోతే తాను వెతకలేడనీ, తాను కూరుకుపోతే నేను తవ్వలేననీ చెప్పి, కారు దాకా మళ్లీ నోరు విప్పలేదు.

మంచు తక్కువైతే ప్రమాదమూ తక్కువన్న నా లెక్క కొలరాడోలో తలకిందులు. నేల దగ్గర ఉష్ణోగ్రత సున్నాకు అటూ ఇటూగా ఉంటుంది, పైన రాత్రి గాలి గడ్డకట్టించే చలితో ఉంటుంది. పొర పలచగా ఉన్నప్పుడు ఆ తేడా వల్ల నీటి ఆవిరి పైకి కదిలి, అడుగు మంచు ఒకదానికొకటి అంటుకోని పంచదార పలుకుల్లా మారుతుంది. దాని మీద తుపాను మంచు, గాలి కొట్టుకొచ్చిన మంచు పలకగా పేరుకుంటే, 30 డిగ్రీలు దాటిన వాలు మీద ఒక్క మనిషి బరువు చాలు. పైగా అక్టోబరు మంచు కరగకుండా మిగిలేది ఉత్తర, తూర్పు వాలుల మీదే. స్కీకి పనికొచ్చేదీ, విరిగిపడేదీ ఆ చోటే. చిన్న చరియ అయినా రాళ్ల మీదుగా ఈడ్చుకుపోతుంది. ఇంకా తెరవని రిసార్టు వాలునూ ఎవరూ కాపు కాయని బయటి కొండ వాలుగానే భావించండి.

మంచు చరియల ముప్పుపై కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఇచ్చే రోజువారీ సూచన ఉచితమే, చదువుకోండి. ఇక డబ్బు సంగతి. వెతకడానికి వచ్చే స్వచ్ఛంద బృందాలు రుసుము అడగవు, హెలికాప్టర్ అంబులెన్సు బిల్లు మాత్రం వేరు. కూరుకుపోయినవారిని తొలి పది, పదిహేను నిమిషాల్లో తీయవలసింది పక్కనున్నవారే కనుక, బీకన్, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార మూడూ ఉండాలి, వాడటం నేర్పే కోర్సు ఫీజూ కలుపుకోండి. ఈ ఏడాది అంత పెట్టలేకపోతే రిసార్టు హద్దుల్లోనే ఉండండి. బీకన్ పాతది కొంటే మూడు యాంటెన్నాలున్న డిజిటల్‌దే తీసుకుని, బ్యాటరీ గదిలో తుప్పు ఉందేమో మూత తీసి చూశాకే డబ్బు ఇవ్వండి.