సందేహాలు – సమాధానాలు: ముష్టియోధుడు

సందేహం: జిమ్మీ వైల్డ్ అనే పాతకాలపు బాక్సర్ మీద మా బడి పత్రికకు వ్యాసం రాస్తూ ఆయన్ని 'ముష్టియోధుడు' అన్నాను. పిల్లలు పగలబడి నవ్వారు. ఆ మాట వాడకూడదా? తేలిక బరువు బాక్సర్ల తరగతి 'ఫ్లైవెయిట్'ను 'ఈగబరువు' అనవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని

సమాధానం: అమ్మా, మీరు రాసిన మాటలో తప్పు లేదు. ముష్టి అంటే ముందు పిడికిలి. పిడికిట్లో పట్టినంత కొలత కూడా ముష్టే. మా నాయనమ్మ, గుమ్మంలో జోలె కనిపిస్తే చేటలోంచి బియ్యం తీసేది. గింజ జారకుండా బిగించిన గుప్పిట జోలె మీదికొచ్చాక విచ్చుకొనేది. ఆ గుప్పెడే ముష్టి. తర్వాత్తర్వాత గుప్పెడు పోయి భిక్షం మిగిలింది. ఇప్పుడు భిక్షం కూడా పోయి తిట్టు మిగిలింది. 'ముష్టి వంద రూపాయలు' అని చదువుకున్నవాళ్లే అంటుంటే నాకు కష్టంగా ఉంటుంది.

కంసుడి మల్లుల్లో ఒకడి పేరే ముష్టికుడు. వాడు బలరాముణ్ణి పిడికిలితో గుద్దాడు. బలరాముడు అరచేత్తో ఒక్కటి చరిచేసరికి నెత్తురు కక్కుకొని కూలాడని వ్యాస భాగవతం. పిడికిలినే పేరుగా పెట్టుకున్నవాడు అరచేతి దెబ్బకు పోయాడు! ఈ కథ చెప్పి చూడండి, మీ పిల్లలు మళ్లీ నవ్వరు.

ఇక మీ వైల్డ్. వేల్స్‌లో రోండా లోయ బొగ్గుగనుల్లో పనిచేసి, సంత గుడారాల్లో ముష్టియుద్ధాలు చేసి పైకొచ్చినవాడు. 1916లో ప్రపంచ ఫ్లైవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ఆ తరగతికి హద్దు 112 పౌండ్లు, ఆయన చాలాసార్లు 108 కూడా తూగేవాడు కాదు. అయినా తనకన్నా బరువైనవాళ్లను పడగొట్టేవాడు. అందుకే 'చేత సుత్తి పట్టిన దయ్యం' అని పేరొచ్చింది. (సుత్తి అన్నా నవ్వుతారేమో, ఆ మాటనూ అలాగే పాడుచేశాం.) 1923 జూన్‌లో న్యూయార్క్‌లో ఫిలిప్పీన్స్ కుర్రవాడు పాంచో విల్లా ఏడో రౌండులో నాకౌట్ చేసేదాకా టైటిల్ ఆయనదే.

'ఈగబరువు' నాకు రుచించలేదు. మనకు ఈగ అంటే తోలేసేది. ఫ్లైవెయిట్ అనే ఉంచండి. ముష్టియోధుడికి బదులు బాక్సర్ అన్నా నేను తప్పుపట్టను, 'పిడిగుద్దుల వీరుడు' అంటే ఇంకా సంతోషిస్తాను. కానీ పిల్లలు నవ్వారన్న ఒక్క కారణంతో మాత్రం ఆ మాటను కొట్టేయకండి. బాక్సింగ్ వార్తలో 'కుస్తీ' అని రాసే పత్రికల కన్నా మీరే నయం.