లాప్‌టాప్‌ మార్చకండి, ముందు బయోస్‌ చూడండి

ఐ5-8265యు ప్రాసెసర్‌ ఉన్న మీ లాప్‌టాప్‌ విండోస్‌ 11కు పనికిరాదని సందేశం వచ్చిందనీ, చెన్నై ఎలక్ట్రానిక్స్‌ బజారు రిచీ స్ట్రీట్‌లోని దుకాణంలో కొత్తది కొనమన్నారనీ మీరు రాశారు. దయచేసి తొందరపడకండి. మీ ప్రాసెసర్‌ మైక్రోసాఫ్ట్‌ ఆమోదించిన జాబితాలో ఉంది. ఇలాంటి చోట తరచుగా అడ్డుపడేది టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఆపేసి ఉండటమే. బయోస్‌లో, అంటే విండోస్‌ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగ్స్‌లో, ‘ఇంటెల్‌ పీటీటీ’ (ఇంటెల్‌ ప్రాసెసర్లలో టీపీఎం పేరు ఇదే), ‘సెక్యూర్‌ బూట్‌’ రెండూ ఆన్‌ చేసి మళ్లీ పరీక్షించండి. అయితే బయోస్‌ జోలికి వెళ్లేముందు డిస్కుకు విండోస్‌ వేసే తాళమైన బిట్‌లాకర్‌ రికవరీ కీని కాగితం మీద రాసుకోండి; బయోస్‌ మార్చాక విండోస్‌ దాన్ని అడగవచ్చు. మా అక్క లాప్‌టాప్‌లో ఈ ఒక్క పని మరచిపోయి, ఫోటోలన్నీ పోయాయేమోనని ఒక రాత్రంతా కుమిలిపోయాం.

విండోస్‌ 11కు మారాలా వద్దా అంటే, మారమనే చెబుతాను. విండోస్‌ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్‌ 14తో ఆగిపోయాయి. వ్యక్తిగత వాడకందారుల అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో (ఈఎస్‌యూ) చేరినా 2026 అక్టోబర్‌ 13 వరకే. మీరు అందులోనే బ్యాంకు పనులు, జీఎస్టీ రిటర్నులు చేస్తున్నారు కదా!

లోపల పాత హార్డ్‌డిస్కే ఉంటే మాత్రం ముందు దాని బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించండి. రిచీ స్ట్రీట్‌లో డబ్బు పెట్టదగ్గది దానికే. మారాక డిజిటల్‌ సంతకం టోకెన్‌, ప్రింటరు వెంటనే పరీక్షించండి. ఏది పనిచేయకపోయినా పది రోజుల్లోపు సెట్టింగ్స్‌లోని రికవరీ నుంచి విండోస్‌ 10కు వెనక్కి వెళ్లవచ్చు.