స్టాంపు పేపరు మీద ముద్ర వేశారని పరిహారం వదులుకోకండి

ప్రశ్న: మాది పార్వతీపురం దగ్గర పల్లె. బతుకుతెరువుకు వచ్చి రాయగడలో ఉంటున్నాం. మా ఆయనకు 35 ఏళ్లు. రైస్ మిల్లులో మిషన్ దగ్గర పని, నెలకు 12 వేలు చేతికిస్తారు. 2025 ఆగస్టులో జారిపోతున్న బెల్టు సర్దబోతే కుడిచేతి మూడు వేళ్లు తెగిపోయాయి. యజమాని 40 వేలు ఇచ్చి, ఒడియాలో రాసిన స్టాంపు పేపరు మీద ఎడమచేతి వేలిముద్ర వేయించుకున్నాడు. మాకు ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఇప్పుడు అడిగితే ‘నువ్వు కాంట్రాక్టర్ మనిషివి, తప్పు నీదే, లెక్క అయిపోయింది’ అంటున్నాడు. ఇంకేమీ రాదా?
— ఒక సోదరి, రాయగడ

జవాబు: వస్తుందమ్మా. ముందు ఆ కాగితం సంగతి చూద్దాం. ‘ఇక ఏమీ అడగను’ అని కార్మికుడి చేత రాయించుకున్న ఒప్పందం ఉద్యోగుల పరిహార చట్టం, 1923లోని 17వ సెక్షన్ కింద చెల్లదు. నిజంగా రాజీ కుదిరితే దాన్ని కమిషనర్ (ఈ చట్టం కింద పరిహారం కేసులు విచారించే అధికారి) దగ్గర రిజిస్టర్ చేయించాలి. మొత్తం మరీ తక్కువైనా, మోసంతో రాయించుకున్నట్టున్నా ఆయన కాదనవచ్చు. రిజిస్టర్ చేయించకపోతే పూర్తి పరిహారం బాధ్యత యజమాని మీదే ఉంటుంది. పైగా కమిషనర్ వేరేగా చెబితే తప్ప, ఇచ్చిన డబ్బులో సగానికి మించి మినహాయించుకోవడానికి కుదరదు. ఆ 40 వేలు వైద్యం కోసమే ఇచ్చి ఉంటే, దాన్ని పరిహారంలో అసలు జమకట్టకూడదు. అందుకే ప్రతి మందుల చీటీ, బిల్లు దాచండి. చదవడం రాని భాషలో కాగితం పెట్టి, వేళ్లు పోగొట్టుకున్న మనిషి చేత రెండో చేతి ముద్ర వేయించుకోవడం అన్యాయం. ఆ మాట విచారణలో తప్పకుండా చెప్పండి.

కాంట్రాక్టర్ మనిషి అన్న మాట కూడా నిలవదు. ధాన్యం ఆడించడం మిల్లు యజమాని వ్యాపారమే. ఆ పనికి కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్లకూ 12వ సెక్షన్ ప్రకారం ఆయనే చెల్లించాలి. తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకుంటాడో లేదో వాళ్లిద్దరూ చూసుకుంటారు.

ఇక తప్పు మీ ఆయనదే అన్నది. పని తొందరలో అజాగ్రత్తగా ఉన్నంత మాత్రాన ఈ చట్టం కింద పరిహారం పోదు. తాగి ఉండటం వల్లే ప్రమాదం జరిగిందనో, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరించాడనో యజమాని రుజువు చేయాలి. ‘మిషన్ ఆపమని చెప్పాం’ అని ఇప్పుడు నోటిమాటగా అంటే చాలదు.

లెక్క వేసే ముందు ఒకటి తేల్చుకోండి. మీ ఆయనకు ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉంటే ఈ చట్టం కింద అడగడానికి లేదు. అంగవైకల్య పెన్షన్ ఈఎస్ఐ నుంచే వస్తుంది. జీతంలో ఈఎస్ఐ కోత ఉందా అని తోటి పనివాళ్లను అడిగినా తెలిసిపోతుంది.

ఈఎస్ఐ లేదనుకుంటే లెక్క ఇది. నెల జీతంలో 60 శాతం అంటే 7,200. 35 ఏళ్ల వయసుకు చట్టంలో ఇచ్చిన గుణకం 197.06. రెండూ హెచ్చిస్తే 14,18,832 రూపాయలు. ఒక చేతికి మూడు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టంగా చట్టం షెడ్యూలులో (పట్టికలో) ఉంది. అంటే సుమారు 4,25,650 రూపాయలు. నెలలోపు ఇవ్వనందుకు ఏటా 12 శాతం వడ్డీ కలుస్తుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేశాడని తేలితే 50 శాతం వరకు జరిమానా కూడా వేయవచ్చు, అదీ మీకే వస్తుంది.

ఆ 30 శాతమే ఆఖరి మాట కాకపోవచ్చు. 1968లో కోరాపుట్ జిల్లా జయపురంలో సినిమా హాలు పనిలో పడిపోయిన ఒక వడ్రంగికి ఎడమచెయ్యి మోచేతి పైన తీసేశారు. అప్పట్లో మీ రాయగడ కూడా ఆ కోరాపుట్ జిల్లాలోనిదే. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి ఇది 100 శాతం నష్టమేనని కమిషనర్ తేల్చారు. యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 1975లో ఆ తీర్పే నిలిచింది. మూడు వేళ్ల కేసులో అంత దూరం వెళ్లడం కష్టమని ముందే చెబుతున్నాను. కానీ మిగిలిన వేళ్లకూ పట్టు లేకపోతే ఆ సంగతి డాక్టర్ సర్టిఫికెట్‌లో స్పష్టంగా రాయించండి. కేసులో బలం దానివల్లే వస్తుంది.

దరఖాస్తుకు గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు, అంటే 2027 ఆగస్టు. అంతదాకా ఆగొద్దు. రాయగడలోనే వేయవచ్చు. సొంతూరికి వెళ్లిపోయి ఉంటే పార్వతీపురం మన్యం జిల్లా వైపు కూడా వేయవచ్చు, మీరు ఉంటున్న చోట అడిగే హక్కు 21వ సెక్షన్ ఇచ్చింది. చదవడం రాయడం రానివాళ్లు కోరితే కమిషనరే దరఖాస్తు రాయించాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తుంది, 15100కి ఫోన్ చేయండి. జీతం చీటీ లేదని టెన్షన్ పడకండి. కాంట్రాక్టర్ చిట్టా ఫోటో, ఫోన్‌పేలో వచ్చిన డబ్బు, పక్కన పనిచేసిన ఇద్దరి సాక్ష్యం పనికొస్తాయి. యజమాని తన ఖర్చుతో డాక్టర్‌కు చూపిస్తానంటే మాత్రం వెళ్లాలి, కాదన్నంత కాలం పరిహారం హక్కు ఆగి ఉంటుంది.

2025 నవంబరు 21 నుంచి ఈ పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్, 2020 వచ్చింది. మీ ఆయన ప్రమాదం అంతకుముందుది కాబట్టి పైన చెప్పినదంతా పాత చట్టం లెక్కే. ఆ తేదీ తర్వాత ప్రమాదం జరిగినవాళ్లు కోడ్ కింద అడగాలి. అందులో ఇంటి నుంచి పనికి వెళ్లేదారిలో, తిరిగి వచ్చేదారిలో జరిగే ప్రమాదాలనూ, పనితో సంబంధం ఉన్నట్టు తేలితే, చేర్చారు.