క్యాసరోల్ తేలికవ్వాలంటే ముందు నీళ్ళ సంగతి చూడు

అమ్మలూ,

మీ ఆఫీసు పాట్‌లక్‌లో, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందులో, తిన్న సీఫుడ్ క్యాసరోల్ (చేపలూ రొయ్యలూ సాస్‌తో ట్రేలో పెట్టి ఓవెన్‌లో కాల్చే వంటకం) ఇంట్లో చేసుకోవాలనుందనీ, అల్లుడి కొలెస్ట్రాల్ రిపోర్టు చూశాక అంత వెన్న, అంత చీజ్ వేయడానికి మనసు రావడం లేదనీ రాశావు. తేలిగ్గా చేసుకోవచ్చు, రుచిగానూ వస్తుంది. కానీ వెన్న తగ్గించేస్తే చాలనుకుని మొదలుపెట్టావంటే ట్రే అడుగున చప్పటి నీళ్ళు, అందులో తేలే చేపముక్కలు మిగులుతాయి. కొవ్వు తీసేయడం సులువే. కష్టమంతా నీళ్ళతోనే.

బోస్టన్ చుట్టుపక్కల ఇళ్ళల్లో దీన్ని ఎలా చేస్తారో నువ్వు చూసే ఉంటావు. హేడక్ చేప, రొయ్యలు, స్కాలప్స్ అనే గుల్లచేపల మాంసం ట్రేలో పరిచి, డబ్బా పుట్టగొడుగుల సూప్ గానీ క్రీమ్ గానీ పోసి, నలిపిన రిట్జ్ బిస్కెట్లను కరిగిన వెన్నలో తడిపి పైన చల్లుతారు. క్యాంప్‌బెల్ పుట్టగొడుగుల సూప్, రిట్జ్ బిస్కెట్లు రెండూ 1934లోనే వచ్చాయి. మాంద్యంతో జనం చేతుల్లో డబ్బు ఆడని రోజులవి. ఒక డబ్బా విప్పి ఇంటిల్లిపాదికీ వేడిగా పెట్టడం అప్పటి ఇల్లాలికి పెద్ద ఆసరా, దాన్ని తప్పుపట్టలేం. మన లెక్క వేరు. కప్పు చిక్కటి క్రీమ్‌లో సుమారు 800 కేలరీలు, ఒక స్టిక్ వెన్నలో, అంటే 113 గ్రాముల్లో, ఇంకో 800. డబ్బా సూప్‌లో ఉప్పు సరేసరి. రొయ్యల్లో కొలెస్ట్రాల్ ఉన్నా సంతృప్త కొవ్వు చాలా తక్కువ. రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ని ఎక్కువగా పెంచేది ఆ కొవ్వే. కాబట్టి డాక్టరు వద్దన్నారంటే తప్ప రొయ్యల్ని మానకు, క్రీమునీ వెన్ననీ తగ్గించు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. చేప, రొయ్య, స్కాలప్ ఏదైనా వేడి తగలగానే నీరు ఊరుతుంది. క్రీము, వెన్న దండిగా ఉన్నప్పుడు ఆ నీరు వాటిలో కలిసిపోయి తెలియదు. పలచటి పాలతో చేసిన సాస్ దాన్ని మోయలేదు. అందుకని నీరు ఓవెన్‌లోకి వెళ్ళకముందే తీసేయాలి. ఫ్రోజెన్ చేపని ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో, చిల్లుల గిన్నెలో పెట్టి కింద ఒక పళ్ళెం ఉంచు. వేడినీళ్ళలో వేసి కరిగించొద్దు. వండే ముందు ముక్కల్ని పేపర్ టవల్ మీద పరిచి, పైన ఇంకో టవల్ వేసి గట్టిగానే అద్దు. తడిసిపోతే మార్చి మళ్ళీ అద్దు. ఈ ఒక్క పని బద్ధకించకుండా చేస్తే సగం వంట అయినట్టే.

కొనేటప్పుడు కూడా చూసుకో. రొయ్యల సంచి వెనక సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అని ఉంటే అవి నీరు పట్టి బరువెక్కినవి. వండితే ఆ నీరంతా ట్రేలోకి దిగుతుంది, ఉప్పదనమూ వస్తుంది. స్కాలప్స్ కొట్లో అడిగేటప్పుడు ‘డ్రై స్కాలప్స్ ఉన్నాయా’ అని అడుగు, ఆ మందులో నానబెట్టనివి ఇస్తారు. దొరక్కపోతే మానెయ్, ఇంకో గుప్పెడు రొయ్యలు వేసుకో. రొయ్యలు సంచి మీద 16-20 అని ఉన్న పెద్ద సైజువి తీసుకో. పౌనుకి అన్ని తూగుతాయని అర్థం. చిన్నవైతే చేప ఉడికేలోపు రబ్బరైపోతాయి. చాలా సంచుల మీద ఇండియా సరుకు అని ఉంటుంది, అవి మన భీమవరం వైపు చెరువుల్లోవే కావచ్చు. పొట్టుతో ఉన్నవే కొను, ఎందుకో చెప్తాను. ఎర్రరంగు వేసిన పీత పుల్లలు మాత్రం వద్దు. అది ఎక్కువగా పోలక్ చేపకి పిండి, పంచదార కలిపి చేసింది.

నలుగురైదుగురికి పౌను కాడ్ లేదా హేడక్ చేప, అర పౌను రొయ్యలు చాలు. రొయ్యల పొట్టు తీసి, వీపు మీది నల్లదారం లాగేయి. ఆ పొట్టు పారేయకు. చెంచాడు నూనెలో ఎర్రబడేదాకా వేయించి, రెండు కప్పుల నీళ్ళు, ఒక బిర్యానీ ఆకు, సెలరీ కాడ వేసి పావుగంట సన్నమంట మీద మరిగించి వడకట్టు. క్రీము తీసేసిన చోట రుచినిచ్చేది ఈ నీళ్ళే, వీటినే స్టాక్ అంటారు. దీని బదులు డబ్బా స్టాక్ పోస్తే నాకు నచ్చదు. పొట్టు ఎలాగూ ఊరికే వస్తోంది కదా.

ఇంకో గిన్నెలో చెంచా వెన్న, చెంచా నూనె వేసి (పెద్ద చెంచాలే) సన్నగా తరిగిన ఉల్లి, సెలరీ, పుట్టగొడుగులు వేయించు. పుట్టగొడుగుల్లో నీళ్ళు పూర్తిగా ఇగిరి, గిన్నె అడుగు పొడిగా కనిపించేదాకా ఓపిక పట్టు. అప్పుడు నాలుగు పెద్ద చెంచాల మైదా చల్లి పచ్చివాసన పోయేదాకా కలిపి, ముప్పావు కప్పు రొయ్యల స్టాక్, ముప్పావు కప్పు రెండు శాతం కొవ్వున్న పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు కట్టకుండా తిప్పు. ఇది నీకు అవసరమనిపించిన దానికంటే చిక్కగానే ఉండాలి, మన గారెల పిండిలా గరిటెకి పట్టుకోవాలి. ఓవెన్‌లో ఊరే నీటితో అదే సరైన జారుకి వస్తుంది. పొయ్యి కట్టేశాక 40 గ్రాముల ఎక్స్‌ట్రా షార్ప్ చెడ్డార్ తురిమి కలుపు. మామూలు చీజ్ గుప్పెళ్ళకొద్దీ వేసే బదులు ఘాటైనది కొంచెం వేస్తే సరిపోతుంది. కొవ్వు పూర్తిగా తీసేసిన చీజ్ సరిగ్గా కరగదు, కొనకు. అర చెంచా ఆవపొడి, మిరియాలు, నిమ్మతొక్క తురుము వెయ్యి. ఆవ ఘాటు చీజ్ రుచిని పైకి తీస్తుంది. నిమ్మరసం మాత్రం ఇందులో పిండకు, పాలు విరుగుతాయి. తినేటప్పుడు పళ్ళెంలో పిండుకోండి. ఉప్పు సాస్ రుచి చూశాకే.

అల్లంవెల్లుల్లి ముద్ద, గరంమసాలా వేయాలని నీకు అనిపిస్తుంది. వేయకు అమ్మలూ. హేడక్‌ది నెమ్మదైన రుచి, అవి పడితే అది కనిపించకుండా పోతుంది. కారం కావాలనిపించిన రోజు శుభ్రంగా చేపల పులుసే పెట్టుకో.

కూరగాయల్లో కాలీఫ్లవర్ బాగుంటుంది. చిన్న పువ్వులుగా విడదీసి ముందే ఓవెన్‌లో అంచులు ఎర్రబడేలా కాల్చి ట్రే అడుగున పరుచు. పాలకూర వేస్తే ఉడికించి, నీరంతా గట్టిగా పిండేసి వెయ్యి. ఆపైన అంగుళంన్నర చేపముక్కలు, రొయ్యలు పచ్చివే, ఒకే వరసలో. ట్రే లోతుగా కాకుండా వెడల్పుగా ఉండాలి. సాస్ పోసి, రెండు చిన్న చెంచాల ఆలివ్ నూనెలో బాణలిలో వేయించిన ముప్పావు కప్పు పాంకో బ్రెడ్ పొడి పైన చల్లు. మూత పెట్టకుండా 400 ఫారెన్‌హీట్ దగ్గర సుమారు ఇరవై నిమిషాలు. మీ ఓవెన్ బట్టి అటూఇటూ అవుతుంది. మందంగా ఉన్న ముక్క మధ్యలో థర్మామీటర్ గుచ్చితే 145 చూపించాలి, మన లెక్కలో 63 డిగ్రీలు. తీశాక పది నిమిషాలు కదపకు, సాస్ సర్దుకుంటుంది. గాజు ట్రేని ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టకు, పగులుతుంది.

మీ అత్తగారు వస్తున్నారన్నావు. చేపలకీ పాలకీ పడదని, బొల్లి వస్తుందని ఆవిడ అనొచ్చు. మీ అమ్మా అంటుంది, మన ఇళ్ళల్లో అందరూ అనేదే. చర్మానికి రంగునిచ్చే కణాల మీద ఒంట్లోని రోగనిరోధక శక్తే దాడి చేయడం వల్ల బొల్లి వస్తుందని వైద్యులు చెప్తారు. చేపా పాలూ కలిపి తింటే వస్తుందనడానికి ఆధారం లేదు. అయినా ఆవిడతో వాదనకి దిగకు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ పాల బదులు కూడా స్టాక్ పోసి, చీజ్ మానేసి, ఇంకో చెంచా మైదా కలుపు. ఆ రుచీ బాగుంటుంది.

మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేసి, రెండు రోజుల్లో తినేయండి. మైక్రోవేవ్‌లో వేడిచేస్తే రొయ్యలు బిగుసుకుపోతాయి. చిన్న స్టీలు ట్రేలోకి తీసి, ఫాయిల్ కప్పి, 325 దగ్గర ఓవెన్‌లో బాగా వేడెక్కేదాకా ఉంచు. చివర్లో ఫాయిల్ తీసేస్తే పైపొర మళ్ళీ కరకరలాడుతుంది.

నీ మేనత్త