ఇల్లూ వాకిలీ: రేకులు ఎగిరిపోయిన వసారా

ప్రశ్న: అయ్యా, మాది కావలికి తూర్పున సముద్రానికి దగ్గరలో ఉన్న పల్లె. ఇంటి ముందు 12 అడుగుల వెడల్పున ఇనప పైపుల మీద రేకులు వేసి వసారా కట్టుకున్నాం. కింద నాపరాళ్ళు. మా అత్తగారు పగలంతా నవారు మంచం వేసుకుని ఉండేది అక్కడే, ఇంటికొచ్చినవాళ్ళు కూర్చునేదీ అక్కడే. 2023లో మిచాంగ్ తుపానుకి అది చెక్కుచెదరలేదు. ఈసారి మాత్రం సముద్రం వైపు రేకులు లేచిపోయి, ఒకటి పక్కింటి దొడ్లో పడింది. ఒక పైపు స్తంభం పునాదితో సహా పెకిలి పక్కకు వాలింది. నాపరాళ్ళు కుంగి నీళ్ళు నిలుస్తున్నాయి. వేపకొమ్మ విరిగి మల్లె పందిరి మీద పడింది. సంక్రాంతికి పిల్లలు వచ్చేలోపు బాగుచేయించి రంగులు వేయించాలని మావారి తొందర. మేస్త్రీ ఏమో "అవే రేకులు, అవే హుక్కులు, రెండు రోజుల్లో బిగించేస్తా" అంటున్నాడు. సరేననమంటారా?
– ఒక గృహిణి, కావలి మండలం

జవాబు: అనకండమ్మా. మేస్త్రీని కొన్నాళ్ళు ఆపండి. మన నెల్లూరు, ప్రకాశం తీరానికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 1989లో మీ కావలి దగ్గరే తీరం దాటిన పెద్ద తుపాను నవంబరులో వచ్చింది. మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. ఒకటి వచ్చి పోయింది కదా, ఈ ఏటికి గండం గడిచిందనుకోవడానికి లేదు. ఇప్పుడు వదులైన రేకులన్నీ దించి, నేల మీద దొంతరగా పేర్చి, పైన బరువు పెట్టి తాడుతో కట్టేయండి. అత్తగారికి నీడ కావాలంటే తాత్కాలికంగా ఒక పట్ట కట్టుకోండి, గాలి వార్త వినగానే విప్పేయొచ్చు. అసలు పని వానలు వెనకబట్టాక. పండక్కి రంగులు లేకపోతే పిల్లలు రామంటారా?

అన్నిటికన్నా ముందు, ఏదీ కదపకముందే ఫోటోలు తీసి పెట్టుకోండి. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళకి అవే ఆధారం. వసారాలో లైటు, ఫ్యాను, ప్లగ్గు ఉంటే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. తడిసిన స్విచ్ బోర్డుకన్నా ఇనప పైపులతో ప్రమాదం ఎక్కువ. ఎక్కడో ఒక వైరు తోలు ఊడి తగిలిందంటే స్తంభాలన్నిటికీ కరెంటు పాకుతుంది. ఎలక్ట్రీషియన్ ఎలాగూ వస్తాడు కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించేయండి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు అది.

ఇక రేకుల సంగతి. పక్కలు తెరిచి ఉన్న వసారాలో గాలి కిందనుంచి దూరి రేకుని పైకి తంతుంది, పైనుంచి పోయే గాలి దాన్ని పీల్చి లాగుతుంది. అంచుల్లో, మూలల్లో ఈ లాగుడు మరీ ఎక్కువ. మీవి సముద్రం వైపు రేకులే ముందు పోవడానికి కారణం అదే. భవనాల మీద గాలి ఎంత పడుతుందో లెక్కగట్టే భారత ప్రమాణం ఐఎస్ 875లో నెల్లూరుకి రాసిన వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరుకి పడే ఒత్తిడి సుమారు 150 కిలోలు. అర మిల్లీమీటరు రేకు అదే చదరపు మీటరుకి 5 కిలోలు కూడా తూగదు. ఇంకా రేకు బరువు మీద నమ్మకం పెట్టుకుని ఏం లాభం? పట్టి ఉంచాల్సింది స్క్రూ, దాని కింద పైపు, దాని కింద పునాది.

మిచాంగ్‌కి నిలబడింది ఇప్పుడెందుకు పోయిందంటే, మీ హుక్కులు విప్పి చూడండి. పైన నట్టు చక్కగానే కనిపిస్తుంది, కింద వంపు దగ్గర ఉప్పుగాలికి తిని చీపురుపుల్లంత అయి ఉంటుంది. ఆ తుపాను కొంత సాగదీసింది, ఆ తర్వాత ఉప్పు మిగతా పని చేసింది. వాటినే మళ్ళీ బిగిస్తానన్న మేస్త్రీ మాట నాకు నచ్చలేదు. హుక్కులన్నీ పాత ఇనుముకి వేసేయండి. రబ్బరు వాషరు ఉన్న సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు (తమంతట తామే చిల్లు వేసుకుని దిగేవి) వాడండి. అంచుల్లో ప్రతి గాడికీ ఒకటి, మధ్యలో గాడి విడిచి గాడికి. స్క్రూ పట్టాలంటే అడ్డ పైపు గోడ మందం 2 మిల్లీమీటర్లైనా ఉండాలి. తుప్పు తిన్న పైపుని సుత్తితో కొట్టండి, డొల్ల శబ్దం వస్తే మార్చేయడమే. రేకు చూరు అడుగుకన్నా బయటికి పొడుచుకు రానీయకండి, గాలి ముందు పట్టుకునేది దాన్నే. చిల్లులు సాగిపోయిన రేకుని తిరిగి కప్పుకి వాడొద్దు, గొడ్ల సావిడికి అడ్డం కట్టుకోవచ్చు.

స్తంభం పునాదితో సహా వచ్చిందంటే పునాదికి బరువు లేదన్నమాట. మన పల్లెల్లో అడుగు గుంట తీసి, పైపు నిలబెట్టి, కాంక్రీటు పోసేస్తారు. ఘనపుటడుగు కాంక్రీటు 70 కిలోలు కూడా ఉండదు. పైన చెప్పిన 150 కిలోల లెక్క ముందు పెట్టుకుంటే మిగతాది మీకే అర్థమవుతుంది. కొత్తగా వేసేటప్పుడు రెండడుగుల చదరం, రెండున్నర అడుగుల లోతు అడగండి. దాదాపు 680 కిలోలవుతుంది. పైపుని నేరుగా కాంక్రీటులో పాతకుండా అడుగున బేస్ ప్లేటు అనే ఇనప పలక, దాన్ని కాంక్రీటుకి బిగించే యాంకర్ బోల్టులతో నిలబెడితే నేల మట్టం దగ్గర అంత త్వరగా తుప్పు పట్టదు. ఇసక నేల కాబట్టి గుంట అడుగున దిమ్మిస కొట్టించడం మర్చిపోవద్దు. స్తంభాల మధ్య ఐమూలగా అడ్డ కడ్డీలు వెల్డింగు చేయిస్తే పక్కకు వాలడం తగ్గుతుంది. వెల్డరు ఇంకో రోజు కూలి అడుగుతాడు, ఇవ్వండి.

నాపరాళ్ళు కుంగిన చోట పైన సిమెంటు పోసి మట్టం చేద్దామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఒప్పుకోవద్దు. కింద ఇసక కొట్టుకుపోయి బోలు పడింది, పైన ఎంత పోసినా మళ్ళీ కుంగుతుంది. రాళ్ళు ఎక్కడ కుంగాయో గమనించండి. రేకు చూరు నీళ్ళు పడే గీతలోనేనని నా అనుమానం. రాళ్ళు లేపి, గ్రావెల్ పోసి, తడిపి, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించి, తిరిగి పరిపించండి. వాటం బయటికి ఉండాలి, 10 అడుగులకు అంగుళం పావు చాలు. చూరు కింద రెండడుగుల వెడల్పున కంకర పరిస్తే నీళ్ళు నేలని తవ్వవు. పగిలిన రాళ్ళ బదులు చీమకుర్తి గ్రానైటు ముక్కలు తక్కువకి దొరుకుతాయని ఆశ పడతారేమో. నున్నగా పాలిష్ పట్టినవి వానలో జారతాయి, పెద్దావిడ తిరిగే చోట అసలే వద్దు. గరుకు చేసిన రాయైతే సరే. మార్కాపురం పలక రాయి కూడా జారదు, కానీ మందంగా ఉన్నది ఏరుకోవాలి.

రంగుల దగ్గరే జనం తొందరపడతారు. ఇనుమునీ గోడనీ ముందు మంచినీళ్ళతో ఒకటికి రెండుసార్లు కడగాలి. ఉప్పు మీద వేసిన రంగు పొక్కి ఊడుతుంది. తుప్పు వైర్ బ్రష్‌తో గీకి, ఆరాక అదే రోజు ప్రైమరు వేయాలి, మర్నాటికి వదిలితే మళ్ళీ ఎర్రబడుతుంది. గోడ మీద తెల్లగా ఉప్పు పొంగుతుంటే లోపల ఇంకా చెమ్మ ఉందని అర్థం. పొడి బ్రష్‌తో దులిపి ఆగండి. ఫిబ్రవరి ఎండ తగలనిచ్చి వేస్తే రంగు నాలుగేళ్ళుంటుంది.

మల్లె గురించి బెంగ వద్దు. మల్లెకి ఎలాగూ చలికాలంలో కొమ్మలు కత్తిరిస్తాం, తుపాను కాస్త ముందు కత్తిరించిందనుకోండి. విరిగిన తీగలు కోసేసి, ఆకుల మీద ఉప్పు పోయేలా మంచినీళ్ళు చల్లండి. కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు వేయకండి. పందిరికి ఈసారి సరివి గుంజలు పెడితే పాతే భాగానికి తారు పూయించండి. వేప విరిగిన చోట రంపంతో నున్నగా కోయిస్తే చాలు, పేడా సిమెంటూ పూయనక్కర్లేదు.

ప్రశ్న: మేడ మీద పాత సిమెంటు రేకుల పందిరి తుపానుకి ముక్కలైంది. మేమే ఏరి పడేయొచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా ఏళ్ళ తర్వాత కూడా జబ్బు చేస్తుంది. నీళ్ళు చల్లి తడిపి, మంచి మాస్కు పెట్టుకుని, ముక్కల్ని ఇంకా విరగ్గొట్టకుండా మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో కట్టండి. రంపంతో కోయొద్దు, పొడిగా ఊడవొద్దు. పిల్లల్ని ఆ పూట మేడ ఎక్కనీయకండి. మున్సిపాలిటీ వాళ్ళకి అవి ఏం రేకులో చెప్పి అప్పగించండి, రోడ్డు గుంటల్లో పోయించకండి.

ప్రశ్న: వరండాలో టేకు ఉయ్యాల బల్ల నాలుగు రోజులు వానలో నానింది. ఎండలో పెట్టి పాలిష్ చేయించనా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఎండలో పెడితే చీలుతుంది. గాలి ఆడే నీడలో, కింద చెక్క ముక్కలు పెట్టి, రెండు వైపులా తిప్పుతూ ఆరనివ్వండి. పాలిష్ తర్వాత మాట. నాకు దిగులు బల్ల గురించి కాదు, శ్లాబులో పాతిన కొక్కేల గురించి. వాటి మొదట్లో తుప్పు నీటి చారలు కనిపిస్తే ఉయ్యాల విప్పేసి కొక్కేలు మార్పించండి.