డైటీషియన్ చదువులో ‘నటించే పేషెంట్లు’ ఎందుకు?

బెంగళూరులో ఇన్ని ఆసుపత్రులు ఉండగా డైటీషియన్ విద్యార్థులకి పేషెంట్‌లా నటించేవాళ్లతో ప్రాక్టీస్ దేనికని ఒకరు అడిగారు. అసలు పేషెంట్ దగ్గర తడబడితే నష్టం ఆ మనిషికి. ఇక్కడైతే మధ్యలో ఆపి మళ్లీ మొదటినుంచి అడగొచ్చు. 1963లో అమెరికా న్యూరాలజిస్ట్ హోవర్డ్ బారోస్ వైద్య విద్యార్థుల కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇది. డైటీషియన్లకి ఇంకా బాగా నప్పుతుందంటాను, వాళ్ల పనిలో సగం మాటల్లోనే జరుగుతుంది కాబట్టి.

బెంగళూరు మారతహళ్లిలో కొడుకు దగ్గరుంటున్న తెలుగావిడ, షుగర్ ఉంది, ఇదీ పాత్ర అనుకోండి. సాయంత్రం తినే మిక్చర్ సంగతి సూటిగా అడిగితే తప్ప చెప్పకూడదని ఆవిడకి ముందే షరతు. “స్నాక్స్ తింటారా ఆంటీ?” అంటే “అబ్బే, లేదమ్మా” అంటుంది. “నాలుగింటికి టీతో ఏం తీసుకుంటారు?” అంటే గుప్పెడు మిక్చర్, రెండు బిస్కెట్లు బయటికొస్తాయి. గత 24 గంటల్లో తిన్నది రాబట్టడం ఇలాగే నేర్చుకోవాలి. “అన్నం మానేయండి” అని విద్యార్థి అనేస్తే ముఖం మాడ్చుకుంటుంది. అయిపోయాక, పాత్ర పక్కనపెట్టి, ఏ మాట నొప్పించిందో చెబుతుంది. అసలు పేషెంట్లు చాలామంది అది చెప్పరు, మళ్లీ రారంతే.

నటులకి డబ్బు పెట్టలేని కాలేజీలో సీనియర్లు వేషం కట్టినా పనవుతుంది. కాకపోతే తెలిసిన ముఖం, నవ్వాపుకోవడం కష్టం.